సొంతంగా కట్టుకున్న రోడ్ బైక్‌కి కొత్త ఫోర్కు: కొనే ముందు కొలవాల్సినవి

రోడ్ బైక్ (రోడ్డు మీద వేగంగా తొక్కే సైకిల్) ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ భాగం, మార్చాల్సిన అవసరం రకరకాలుగా వస్తుంది. గుంతలో పడి పాతది వంగి ఉండొచ్చు. స్టీరర్‌ని (ఫ్రేములోకి దూరే ఫోర్కు పై గొట్టాన్ని) ఎవరో మరీ పొట్టిగా కోసేసి ఉండొచ్చు. డిస్క్ బ్రేకులకి మారాలనో, ఇంకాస్త లావు టైరు వేసుకోవాలనో అనిపించి ఉండొచ్చు. కారణం ఏదైనా, ఫోర్కుల కోసం వెతకడం మొదలుపెట్టగానే మన కళ్ళు బరువు, రంగు, ధర మీదకే పోతాయి. ఆ మూడూ ఆఖరున చూడాల్సినవి.

ఫ్యాక్టరీలో తయారైన బైక్‌కి అయితే కంపెనీ కొలతల పట్టిక ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఫ్రేము ఒకచోట, చక్రాలు మరోచోట, హ్యాండిల్ ఇంకోచోట కొని కట్టుకున్న బైక్‌కి, లేదా ట్యూబులు తెచ్చి సొంతంగా బ్రేజింగు చేసుకున్న (కరిగించిన లోహంతో అతుక్కున్న) ఫ్రేముకి అలాంటి పట్టిక ఉండదు. దాన్ని మనమే తయారుచేసుకోవాలి. ఒక కాగితం, వెర్నియర్ కాలిపర్, స్టీలు స్కేలు, కోణం చూపించే ఫోన్ యాప్ ఉంటే చాలు. ఫ్రేము ఏ కొలతల ఫోర్కుని దృష్టిలో పెట్టుకుని తయారైందో ఆ కొలతలు ముందు కాగితం మీదకి రావాలి. కొనడం ఆ తర్వాత.

ముందు ఫ్రేముని చూడండి

పాత ఫోర్కు ప్రమాదంలో పాడై ఉంటే, కొత్తదాని గురించి ఆలోచించే ముందు ఫ్రేము బాగుందో లేదో తేల్చుకోవాలి. ఎదురుగా వచ్చిన దెబ్బ ఫోర్కుతో ఆగకపోవచ్చు. డౌన్ ట్యూబ్ (కింది ఏటవాలు గొట్టం), టాప్ ట్యూబ్ (పై గొట్టం) హెడ్ ట్యూబ్‌కి (స్టీరర్ దూరే ముందు గొట్టానికి) కలిసే చోటికి కాస్త వెనకగా, కింది వైపు వేలు పెట్టి నెమ్మదిగా జరపండి. ట్యూబు ముడత పడితే కంటికి కనిపించకముందే వేలికి తెలుస్తుంది. అక్కడ రంగు సన్నగా, ట్యూబుకి అడ్డంగా చిట్లి ఉన్నా అనుమానించాల్సిందే. ముడత ఉంటే హెడ్ కోణం (హెడ్ ట్యూబ్ నేలతో చేసే కోణం) మారిపోయినట్టే. అలాంటి ఫ్రేముకి ఎంత మంచి ఫోర్కు వేసినా డబ్బు వృథా.

హెడ్ ట్యూబ్, స్టీరర్

ఇక్కడ సరిపోకపోతే మిగతావన్నీ సరిపోయినా ఫోర్కు ఫ్రేములో కూర్చోదు. స్టీరర్‌లో ప్రధానంగా మూడు రకాలు. పాత బైకులకి 1 అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్ల స్టీరర్. ఆ తర్వాత వచ్చింది 1⅛ అంగుళం, అంటే 28.6 మిల్లీమీటర్లు. ఇప్పటి బైకుల్లో ఎక్కువగా కనిపించేది పైన 1⅛, కింద 1½ అంగుళాలు ఉండే టేపర్ స్టీరర్. కింద 1¼ అంగుళాలు ఉండే టేపర్లూ ఉన్నాయి. జెయింట్ ఓవర్‌డ్రైవ్ 2 లాంటి వాటికి పైభాగమే 1¼ అంగుళాలు, అంటే వాటికి స్టెమ్ (హ్యాండిల్‌ని స్టీరర్‌కి బిగించే ముక్క) కూడా వేరే కావాలి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే ఫోర్కుల్లో ఇలాంటివి ఎక్కువగా కనిపిస్తాయి. పై వ్యాసం ఎంతో అడక్కుండా తీసుకోకండి.

1 అంగుళం ఫోర్కుల్లో ఇంకో చీలిక ఉంది. మర ఉన్న స్టీరర్‌కి హెడ్‌సెట్ (స్టీరర్ తిరిగే బేరింగుల సెట్టు) నట్టు మర మీదే బిగుసుకుంటుంది, హ్యాండిల్ స్టెమ్ స్టీరర్ లోపలికి దిగుతుంది. ఆ లోపలి వ్యాసం సాధారణంగా 22.2 మిల్లీమీటర్లు. మర లేని స్టీరర్‌కి స్టెమ్ బయట నుంచి పట్టుకుంటుంది. ఫ్రేము రెండింటినీ ఒప్పుకుంటుంది కానీ హెడ్‌సెట్, స్టెమ్ రెండూ మార్చాలి. ఆ ఖర్చు కూడా ఫోర్కు ఖర్చులో కలిపి చూసుకోవాలి. మర ఉన్నదే కొంటుంటే మర ఎంత కిందిదాకా ఉందో చూడండి. మీ హెడ్ ట్యూబ్ పొట్టిదై మర చాలకపోతే నట్టు దిగదు.

కొత్తవాళ్ళు ఎక్కువగా వదిలేసే కొలత క్రౌన్ రేస్ (కింది బేరింగు ఆనే రింగు) కూర్చునే చోటు. ఫోర్కు క్రౌన్ (రెండు కాళ్ళూ కలిసే చోటు) మీద, స్టీరర్ మొదట్లో ఉండే ఆ గట్టు వ్యాసం 1 అంగుళం ఫోర్కుల్లో 26.4 ఉండొచ్చు, 27.0 ఉండొచ్చు. 1⅛ కి 30.0, 1¼ కి 33.0, 1½ కి 39.8 మిల్లీమీటర్లు. 26.4 రేస్‌ని 27.0 గట్టు మీదకి సుత్తితో దిగ్గొట్టాలని చూస్తే రేస్ పగులుతుంది. 27.0 రేస్‌ని 26.4 మీద పెడితే వదులుగా తిరుగుతుంది, హెడ్‌సెట్ ఎంత బిగించినా ఆట (వదులు కదలిక) పోదు. వెర్నియర్‌తో అర నిమిషం పని, తప్పకుండా చేయండి.

హెడ్ ట్యూబ్ వైపు చూస్తే, దారి ఒకవైపే తెరిచి ఉంటుంది. టేపర్ హెడ్ ట్యూబ్‌లో 1⅛ నిటారు స్టీరర్ వేయొచ్చు, కింద రిడ్యూసర్ (వ్యాసం తేడాని సర్దే) క్రౌన్ రేస్ పెడితే సరిపోతుంది. 34 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న మామూలు 1⅛ హెడ్ ట్యూబ్‌లో మాత్రం టేపర్ ఫోర్కు ఎక్కదు. లోపలి వ్యాసం 44 మిల్లీమీటర్లు ఉన్న నిటారు హెడ్ ట్యూబ్ అయితే, కింద బయటికి ఉండే కప్పు పెట్టి టేపర్ ఫోర్కు వేసుకోవచ్చు. ఆ కప్పు మందం ఎంతో రాసిపెట్టుకోండి, తర్వాతి లెక్కలో పనికొస్తుంది.

ఫ్రేము మీరే బ్రేజింగు చేసుకున్నదైతే ఇంకో మాట. వేడికి హెడ్ ట్యూబ్ చివరలు గుండ్రదనం కొద్దిగా కోల్పోతాయి. రీమర్ పెట్టి లోపల సరిచేయించి, రెండు అంచులూ సమాంతరంగా చెక్కించిన తర్వాతే కొలతలు తీసుకోండి.

ఫోర్కు పొడవు

ఇరుసు మధ్య నుంచి క్రౌన్ రేస్ కూర్చునే చోటిదాకా ఉన్న దూరమే ఫోర్కు పొడవు. 700సి (మామూలు రోడ్ బైక్ చక్రాల సైజు) రోడ్ ఫోర్కుల్లో ఇది సాధారణంగా 365 నుంచి 375 మిల్లీమీటర్లు ఉంటుంది. గ్రావెల్ (మట్టి, కంకర దారుల బైకుల) ఫోర్కులు 380 నుంచి 400 దాకా పోతాయి. కొందరు తయారీదారులు దీన్ని స్టీరర్‌కి సమాంతరంగా కొలిచి ఇస్తారు, కొందరు ఇరుసు నుంచి ఏటవాలుగా కొలిచి ఇస్తారు. మామూలు రోడ్ ఫోర్కులో ఈ రెండింటి మధ్య తేడా 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పాత ఫోర్కుని ఏ పద్ధతిలో కొలిచారో కొత్తదాన్నీ అదే పద్ధతిలో పోల్చండి.

ఈ పొడవుకి కింది హెడ్‌సెట్ కప్పు మందం కలిపితేనే అసలు లెక్క. ఎందుకంటే ఫ్రేము ముందు భాగాన్ని ఎత్తి పట్టుకునేది ఆ రెండూ కలిసే. ఫోర్కు పొడవు సరిగ్గా పాతదే అయినా, దానితోపాటు లోపలికి ఒదిగే హెడ్‌సెట్ తీసేసి బయటికి 12 మిల్లీమీటర్లు ఉండే కప్పు పెడితే, బైక్‌కి సంబంధించినంతవరకు మీరు 12 మిల్లీమీటర్లు పొడవైన ఫోర్కు వేసినట్టే.

పొడవు పెరిగితే ఏమవుతుంది? చక్రాల మధ్య దూరం మీటరు ఉన్న బైక్‌లో ముందు భాగం 10 మిల్లీమీటర్లు లేస్తే హెడ్ కోణం అర డిగ్రీకి కాస్త పైన పడిపోతుంది. సీటు ట్యూబ్ కూడా అంతే వెనక్కి వాలుతుంది. పెడల్ ఇరుసు సుమారు 4 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. సీటు ముందుకి జరుపుకుని కూర్చునే భంగిమను సరిచేసుకోవచ్చు గానీ, హ్యాండిల్ తిరిగే తీరుని సీటు జరిపి సరిచేయలేం. నా మటుకు పాత పొడవుకి అటూ ఇటూ 5 మిల్లీమీటర్లలో దొరికితే నిశ్చింతగా తీసుకుంటాను. 10 దాటితే మాత్రం కిందున్న లెక్క చేయకుండా ముందుకి పోను.

పాత ఫోర్కు వంగి ఉంటే దాని నుంచి పొడవు కొలవకండి. వంగిన ఫోర్కు వేసి ఉన్న బైక్‌ని నేల మీద నిలబెట్టి హెడ్ కోణమూ కొలవకండి, రెండూ తప్పే వస్తాయి. ఫ్రేము మీరే కట్టినదైతే అసలు డ్రాయింగ్ ఉంటుంది, అందులో అంకెలు తీసుకోండి. లేకపోతే ఫ్రేముని గోడకి ఆనించి సీటు ట్యూబ్‌కి, హెడ్ ట్యూబ్‌కి మధ్య కోణం తేడా కొలిచి, చైన్‌స్టే (పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుదాకా పోయే గొట్టం) పొడవు, పెడల్ ఇరుసు చక్రాల ఇరుసుల కంటే ఎంత కిందికి ఉండాలనుకుంటున్నారో కలిపి పెద్ద కాగితం మీద నిజ కొలతల్లో గీసుకోండి. బైక్‌క్యాడ్ (సైకిల్ డిజైన్ సాఫ్ట్‌వేర్) ఉచిత వెర్షన్‌లో కూడా ఈ బొమ్మ వేసుకోవచ్చు.

రేక్, ట్రెయిల్

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. స్టీరర్ మధ్య గీతని కిందిదాకా పొడిగిస్తే, ఆ గీత నుంచి ఇరుసు ఎంత ముందుకి ఉందో అది రేక్. ఆఫ్‌సెట్ అన్నా ఇదే. రోడ్ ఫోర్కుల్లో 40, 43, 45, 47, 50 మిల్లీమీటర్లలో దొరుకుతాయి. అదే గీతని నేల తాకేదాకా పొడిగిస్తే, టైరు నేలని తాకే చోటు ఆ బిందువుకి ఎంత వెనకగా ఉందో అది ట్రెయిల్. చక్రాల కుర్చీని నెట్టినప్పుడు కింది చిన్న చక్రాలు వాటంతటవే నెట్టిన దిక్కుకి తిరుగుతాయి చూడండి, ట్రెయిల్ చేసే పని అదే. ట్రెయిల్ ఎక్కువుంటే బైక్ తిన్నగా పోవడానికి ఇష్టపడుతుంది, తక్కువుంటే చిటికెలో తిరుగుతుంది.

చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునే విషయం ఒకటుంది. రేక్ పెరిగితే ట్రెయిల్ తగ్గుతుంది. చక్రం ముందుకి పోయింది కాబట్టి బైక్ నిలకడగా ఉంటుందని అనుకుని 50 రేక్ ఫోర్కు తెచ్చుకుంటే, చేతిలో హ్యాండిల్ ఇంతకుముందు కంటే తేలిగ్గా తిరుగుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. చక్రం వ్యాసార్ధాన్ని హెడ్ కోణం కొసైన్‌తో గుణించి, అందులోంచి రేక్ తీసేసి, వచ్చినదాన్ని ఆ కోణం సైన్‌తో భాగించండి. 700×25 టైరుతో వ్యాసార్ధం 336 మిల్లీమీటర్లు అనుకుందాం. హెడ్ కోణం 73 డిగ్రీలు. రేక్ 40 అయితే ట్రెయిల్ 61 దగ్గర వస్తుంది. 43 కి 58, 45 కి 56, 50 కి 50 మిల్లీమీటర్లు. అదే హెడ్ కోణం 72 అయితే 45 రేక్‌తో 62, 50 రేక్‌తో 57.

మామూలు రోడ్ బైక్‌కి 55 నుంచి 60 మధ్య ట్రెయిల్ చాలామందికి చేతికి హాయిగా ఉంటుంది. ముందు పెద్ద బ్యాగు కట్టుకుని దూరాలు పోయేవాళ్ళు ఇంకా తక్కువ ట్రెయిల్ కోరుకుంటారు. మీ పాత బైక్ నడక మీకు నచ్చిందా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం. నచ్చి ఉంటే పాత ట్రెయిల్‌కి 2, 3 మిల్లీమీటర్లలో ఉండేలా చూసుకోండి. దిగుళ్ళలో హ్యాండిల్ మరీ చురుగ్గా ఉండి టెన్షన్ పెడుతుంటే, 3, 4 మిల్లీమీటర్లు ట్రెయిల్ పెంచే అవకాశం ఇదే.

పొడవు, రేక్ కలిపి చూడండి. 73 డిగ్రీల ఫ్రేము, 367 పొడవు, 45 రేక్ ఉన్న పాత ఫోర్కు అనుకోండి. ట్రెయిల్ 56. దాని బదులు 377 పొడవున్నది, అదే 45 రేక్‌తో వేస్తే హెడ్ కోణం 72.4 కి పడి, ట్రెయిల్ 59 అవుతుంది. అదే పొడవులో 47 రేక్ ఉన్నది దొరికితే ట్రెయిల్ 57 దగ్గర ఆగుతుంది. అంటే పొడవైన ఫోర్కు తప్పనిసరైతే రేక్ కూడా కాస్త ఎక్కువున్నది వెతకాలి.

వాడిన ఫోర్కు రేక్ తెలియకపోతే కొలవడం ఇలా. చదునైన బల్ల మీద స్టీరర్‌ని రెండు ఒకేరకం దిమ్మల మీద పడుకోబెట్టండి, రెండు చివరలా ఎత్తు సమానంగా ఉండాలి. టేపర్ స్టీరర్ అయితే నిటారుగా ఉన్న భాగం కిందే దిమ్మలు పెట్టండి. డ్రాపౌట్లలో (కాళ్ళ చివర ఇరుసు కూర్చునే చోట్లలో) ఒక ఇరుసు బిగించి, ఫోర్కు కాళ్ళు వంపు పైకి వచ్చేలా తిప్పి, ఇరుసు రెండు చివరలూ బల్ల నుంచి ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి. ఇప్పుడు బల్ల నుంచి ఇరుసు మధ్యకి ఎంత, స్టీరర్ మధ్యకి ఎంత కొలిచి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే రేక్ వస్తుంది. ఫోర్కు మెలితిరిగి ఉంటే కూడా ఈ బల్ల మీదే బయటపడుతుంది. ఇరుసు రెండు చివరలూ ఒకే ఎత్తుకి వచ్చేలా ఫోర్కుని తిప్పినప్పుడు, క్రౌన్ ఒకవైపుకి ఒరిగి కనిపిస్తుంది.

రేక్ తక్కువున్నది తీసుకుంటే ముందు చక్రం మీ కాలి దగ్గరికి జరుగుతుంది. చిన్న ఫ్రేముల్లో మలుపు తిప్పినప్పుడు బూటు కొన టైరుకి తగలొచ్చు. పాతదానితోనే తగులుతుంటే రేక్ తగ్గించకండి.

బ్రేకులు

రిమ్ బ్రేకులైతే, ఫోర్కు క్రౌన్‌లో ఉన్న బ్రేకు బోల్టు రంధ్రం మధ్య నుంచి రిమ్ము మీద బ్రేకు ప్యాడ్ తాకే పట్టీ మధ్యదాకా దూరం కొలవాలి. 39 నుంచి 49 మిల్లీమీటర్ల మధ్య వస్తే మామూలు పొట్టి చేతుల బ్రేకు సరిపోతుంది. 47 నుంచి 57 వస్తే పొడుగు చేతులవి కావాలి. పాత 27 అంగుళాల చక్రాల రిమ్ము టైరు కూర్చునే చోట వ్యాసం 630 మిల్లీమీటర్లు, 700సి ది 622. అలాంటి పాత ఫోర్కులో 700సి చక్రం పెడితే రిమ్ము 4 మిల్లీమీటర్లు కిందికి పోతుందని గుర్తుపెట్టుకోండి. బోల్టు రంధ్రం వెనక వైపు వెడల్పుగా ఉంటే లోపలికి దిగే గుండ్రటి నట్టు, సన్నగా ఉంటే మామూలు నట్టు. మీ బ్రేకు ఏ రకమో సరిచూసుకోండి.

డిస్క్ బ్రేకులకి ఫోర్కు మీద క్యాలిపర్ (డిస్క్‌ని నొక్కే బ్రేకు భాగం) కూర్చునే చోటు మూడు రకాలు: పాత ఐఎస్, తర్వాత పోస్ట్ మౌంట్, ఇప్పటి రోడ్ బైకుల ఫ్లాట్ మౌంట్. అడాప్టర్లు దొరుకుతాయి గానీ, ఉన్న క్యాలిపర్‌కి తగ్గ ఫోర్కు వెతుక్కోవడమే మేలు. రోటర్ (బ్రేకు డిస్క్) ఎంత సైజు దాకా వేయొచ్చో, కనీసం ఎంత ఉండాలో కూడా ఫోర్కు తయారీదారు చెప్పినదాన్నే పాటించాలి.

రిమ్ బ్రేకుల కోసం చేసిన ఫోర్కుకి డిస్క్ క్యాలిపర్ బిగించే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి. డిస్క్ బ్రేకు వేసినప్పుడు బలమంతా ఫోర్కు ఎడమ కాలి కింది భాగం మీద పడుతుంది. రిమ్ బ్రేకు ఫోర్కులో ఆ కాలు అంత బలాన్ని తట్టుకునేలా ఉండదు. స్టీలుదైనా, కార్బన్‌దైనా ఇదే మాట.

చక్రం, ఇరుసు, టైరు

రిమ్ బ్రేకు ఫోర్కుల్లో దాదాపు అన్నీ క్విక్ రిలీజ్ (లివరుతో విప్పే సన్నటి ఇరుసు), వెడల్పు 100 మిల్లీమీటర్లు. డిస్క్ ఫోర్కుల్లో 12×100 త్రూ యాక్సిల్ (కాళ్ళలోంచి దూర్చి మరతో బిగించే లావు ఇరుసు) మామూలు. ఇక్కడ చిన్న చిక్కుంది. యాక్సిల్ మర 1.0, 1.5, 1.75 మిల్లీమీటర్ల పిచ్‌లలో (మర గీతల మధ్య దూరం) వస్తుంది, ఒకదాని బదులు ఇంకోటి పట్టదు. వాడిన ఫోర్కు కొంటే దాని యాక్సిల్ కూడా ఇమ్మని అడగండి. మీ హబ్ క్విక్ రిలీజ్‌ది అయితే చివరి మూతలు మార్చి 12 మిల్లీమీటర్లకి మార్చుకునే వీలుందో చూడండి, చాలా హబ్బులకి ఉంటుంది.

టైరు మీద రాసున్న వెడల్పుని నమ్మకండి. గాలి నింపి, మీ రిమ్ము మీదే వెర్నియర్‌తో కొలవండి, వెడల్పాటి రిమ్ము మీద అదే టైరు ఇంకాస్త లావవుతుంది. రెండు పక్కలా, పైన కనీసం 4, 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మడ్‌గార్డు పెట్టుకునేవాళ్ళు ఇంకా ఎక్కువ వదలాలి, కింద బోల్టు కన్నాలు ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి.

స్టీలా, కార్బనా

కార్బన్ ఫోర్కు 350 నుంచి 450 గ్రాములు, స్టీలుది సుమారు 700 గ్రాముల నుంచి కిలో దాకా. ఈ తేడా నిజమే. అయినా సొంతంగా కట్టిన స్టీలు ఫ్రేముకి నేను స్టీలు ఫోర్కే సిఫారసు చేస్తాను. ఒక కారణం, స్టీలు పాడయ్యే ముందు వంగి, రంగు చిట్లి మనకి కనిపిస్తుంది. రెండోది ఇంకా పెద్దది: మీ ఫ్రేము కోణాలు మీవి. 71.5 డిగ్రీల హెడ్ కోణం ఉన్న ఫ్రేముకి తయారుగా దొరికే 45 రేక్ కార్బన్ ఫోర్కు వేసి సర్దుకోవడం కంటే, కావాల్సిన పొడవు, రేక్ చెప్పి స్టీలులో చేయించుకుంటే లెక్క సరిగ్గా కుదురుతుంది. మీ కోణాలు మామూలువే అయితే కార్బన్ నిస్సందేహంగా మంచి ఎంపిక.

కార్బన్ తీసుకుంటే స్టీరర్ దేనితో చేశారో అడగండి. కాళ్ళు కార్బన్, స్టీరర్ అల్యూమినియం ఉన్నవి కాస్త బరువు, కానీ బిగించడంలో జాగ్రత్త కాస్త తక్కువైనా సరిపోతుంది. స్టీరర్ కూడా కార్బన్ అయితే లోపల స్టార్ నట్ (పై మూత బోల్టు పట్టుకునే నక్షత్రం ఆకారపు నట్టు) కొట్టకూడదు, వ్యాకోచించే ప్లగ్ వాడాలి. స్టెమ్ కింద పెట్టే స్పేసర్లకి (ఎత్తు సర్దే రింగులకి) పరిమితి ఉంటుంది, చాలావాటికి 30 మిల్లీమీటర్లు. హ్యాండిల్ ఎత్తుగా పెట్టుకునేవాళ్ళకి ఈ ఒక్క అంకె వల్లే కొన్ని ఫోర్కులు పనికిరాకుండా పోతాయి.

వాడిన కార్బన్ ఫోర్కుని, దాని చరిత్ర తెలియకపోతే, నేను కొనను. తీసుకోవాల్సి వస్తే స్టెమ్ పట్టుకున్న చోటు, క్రౌన్ పైన స్టీరర్ మొదలు, డ్రాపౌట్లు అతికిన చోటు మంచి వెలుతురులో చూడండి. నాణెంతో కాళ్ళ పొడవునా తట్టుతూ పోతే, ఒకచోట శబ్దం ఉన్నట్టుండి మొద్దుబారితే లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. శబ్దం బాగుందని మాత్రం ఫోర్కు బాగున్నట్టు కాదు.

స్టీరర్ పొడవు లెక్క, కోత

హెడ్ ట్యూబ్ పొడవు, కింది హెడ్‌సెట్ మందం, పై హెడ్‌సెట్ మందం, స్పేసర్లు, స్టెమ్ ఎత్తు, స్టెమ్ మీద ఒక 5 మిల్లీమీటర్ల స్పేసర్, ఇవన్నీ కలిపి 3 మిల్లీమీటర్లు తీసేయండి. ఉదాహరణకి 140, 12, 24, 20, 40, 5 కలిపితే 241, అందులో 3 పోతే 238. ఆ 3 మిల్లీమీటర్ల ఖాళీ లేకపోతే పై మూత స్టీరర్‌కే తగిలి, బేరింగుల మీద ఒత్తిడి పడదు. స్టెమ్ మీద స్పేసర్ ఎందుకంటే, స్టెమ్ పూర్తి ఎత్తులో స్టీరర్‌ని పట్టుకోవాలి. వాడిన ఫోర్కు అమ్మేవాళ్ళని స్టీరర్ పొడవు అడగడం మర్చిపోకండి. 238 కావాల్సిన చోట 215 ఉంటే అది మీ ఫోర్కు కాదు.

కోసే ముందు ఫోర్కుని ఫ్రేములో పెట్టి, అన్నీ ఎక్కించి గుర్తు పెట్టుకోండి. మొదటిసారి 10 మిల్లీమీటర్లు ఎక్కువే ఉంచి, పైన స్పేసర్లు వేసుకుని కొన్నాళ్ళు తొక్కండి, హ్యాండిల్ ఎత్తు కుదిరాక మిగతాది కోయొచ్చు. కార్బన్ అయితే అంగుళానికి 32 పళ్ళున్న హాక్సా బ్లేడు, గుర్తు చుట్టూ టేపు, ముక్కుకి మంచి మాస్కు. ఒకవైపు నుంచి తుదిదాకా కోయకుండా, ఆఖర్లో ఫోర్కుని తిప్పి అవతలి నుంచి ముగించండి. లేకపోతే చివరి పోగులు చిరిగి లేస్తాయి. దుమ్ముని ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

బిగింపు

క్రౌన్ రేస్ చీలిక ఉన్నదైతే చేత్తోనే దిగుతుంది. చీలిక లేనిదాన్ని సరైన గొట్టంతో సమంగా దించాలి, దిగాక గట్టుకీ రేస్‌కీ మధ్య వెలుగు కనిపించకూడదు. కాట్రిడ్జ్ బేరింగులు వాడితే బేరింగు కోణం, రేస్ కోణం ఒకటేనా చూడండి. 36 డిగ్రీలవి, 45 డిగ్రీలవి రెండూ ఉన్నాయి, కలిపితే బేరింగు త్వరగా పోతుంది. ముందు పై మూత బోల్టు బిగించి ఆట తీసేయండి, తర్వాతే స్టెమ్ పక్క బోల్టులు. కార్బన్ స్టీరర్ మీద ఇవి సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటాయి, మీ స్టెమ్ మీద రాసున్నదానికీ ఫోర్కు తయారీదారు చెప్పినదానికీ ఏది తక్కువైతే అది పాటించండి. టార్క్ రెంచ్ లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి.

ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని బైక్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. కింది హెడ్‌సెట్ దగ్గర వేలు పెడితే టక్కుమన్న కదలిక తెలియకూడదు. చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్ దానంతటదే ఒక పక్కకి వాలాలి, మధ్యలో ఎక్కడా పట్టేయకూడదు. మొదటిసారి ట్రాఫిక్ లేని చదునైన రోడ్డు మీద తొక్కి, ముందు బ్రేకుతో నెమ్మదిగా, తర్వాత గట్టిగా ఆపి చూడండి. ఇంటికొచ్చాక హెడ్‌సెట్ ఆట మళ్ళీ పరీక్షించండి. కొత్త రేస్, కొత్త కప్పులు మొదటి రైడ్‌లో ఇంకాస్త దిగి కూర్చుంటాయి కాబట్టి ఒకసారి బిగించాల్సి రావడం మామూలే. రెండు మూడు రైడ్ల తర్వాత కూడా ఆట వస్తూనే ఉంటే, ఫోర్కు తీసి క్రౌన్ రేస్ గట్టు వ్యాసం మళ్ళీ కొలవండి.